ఇరవయ్యో తారీఖు దాటాక: మీ వీధిలో సరుకుల గది ఎలా పెట్టాలి

విశాఖపట్నం కంచరపాలెంలో మా వీధి చివర కిరాణా కొట్టు దగ్గర ఒక సాయంత్రం నిలబడి ఉన్నాను. నెలలో ఇరవై రెండో తారీఖు. ఒకావిడ వచ్చి పది రూపాయల కందిపప్పు పొట్లం అడిగింది. కొట్టాయన ఇచ్చి ఖాతా పుస్తకంలో రాసుకున్నాడు. ఆవిడ మలుపు తిరిగాక నాతో అన్నాడు: "ఒకటో తారీకున కేజీ అట్టుకెల్తాది. పదిహేను దాటితే పావు కేజీ. ఇప్పుడింక పొట్లాలేనండి." ఆ పొట్లంలో ఉండేది గుప్పెడు పప్పు. ఆ ఇంట్లో తినేవాళ్లు ఐదుగురు. గుప్పెడు పప్పుకి చెంబుడు నీళ్లు పోసి కాస్తారు. పిల్లల కంచంలో అన్నం పసుపు రంగులో ఉంటుంది, గిన్నె అడుగున నాలుగు బద్దలు ఉంటాయి.

మన అమ్మలు ఇంట్లో సరుకు అయిపోయిందని నోటితో అనరు, "నిండుకుంది" అంటారు. మా చుట్టుపక్కల బియ్యం నిండుకున్న ఇళ్లు నాకు తక్కువే కనబడ్డాయి. పప్పు, నూనె, గుడ్డు, కూర నిండుకున్న ఇళ్లు వీధికి పది చొప్పున కనబడ్డాయి. సరుకుల గది, అంటే అవసరమైన ఇళ్లకి ఊరికే సరుకులిచ్చే గది, పెట్టాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేది ఇదే. మీరు బియ్యం బస్తాలతో మొదలుపెట్టకండి. రేషన్ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మొదలుపెట్టండి, అదీ నెలలో చివరి పది రోజుల కోసం.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం పెట్టిన సంగతి మనకి తెలిసిందే. అమెరికాలో ఫీనిక్స్ నగరంలో 1967లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదటి ఫుడ్ బ్యాంకు తెరిచారు. కొట్లు పారేసే మంచి సరుకుని ఒకచోట చేర్చి అవసరమైన ఇళ్లకి అందించడం అక్కడి నుంచే ఒక పద్ధతిగా పాకింది. కరోనా రోజుల్లో, 2021 ఏప్రిల్‌లో, ఫిలిప్పీన్స్‌లోని క్వెజాన్ సిటీలో ఆనా పాట్రీసియా నాన్ అనే అమ్మాయి ఒక వెదురు బండి మీద బియ్యం, కూరగాయలు పెట్టి, ఇవ్వగలిగింది ఇవ్వండి, కావలసింది తీసుకోండి అని అట్ట మీద రాసి వీధిలో వదిలింది. కొద్ది రోజుల్లోనే అలాంటి బళ్లు ఆ దేశమంతా వెలిశాయి. మీకూ ఒక బండి, ఒక అలమర, ఒక ఖాళీ గది చాలు. మిగతాదంతా క్రమం తప్పకుండా చేయడంలో ఉంది.

ముందు కొట్టు బల్ల మీద కూర్చోండి

గది వెతకడానికి ముందు మూడు సాయంత్రాలు మీ వీధి కిరాణా కొట్టు బల్ల మీద కూర్చోండి. ఏ తారీఖు నుంచి పొట్లాల బేరం మొదలవుతుంది, ఏ సరుకు ముందు తగ్గుతుంది, నూనె ప్యాకెట్ కొనేవాళ్లు ఎప్పుడు చిన్న సీసా తెచ్చుకుని కొలిపించుకుంటారు, ఇవన్నీ కొట్టాయనకి నోటికొచ్చు. ఆయన్ని పేర్లు అడగకండి. తారీఖులు, సరుకులు అడగండి చాలు.

తర్వాత ఇళ్లు. మన ఊళ్లో ఆకలి ఒకేచోట, ఒకే నెలలో ఉండదు. పెదజాలరిపేటలో, ఫిషింగ్ హార్బరు చుట్టుపక్కల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. ఆ రెండు నెలలూ మరబోటు మీద పనిచేసే కళాసీకి కూలి ఉండదు. మధురవాడ, పీఎం పాలెం వైపు భవనాల పనిలో ఉన్న కూలీలకి అక్టోబరు, నవంబరు ముసుర్లు కష్టం. వాన పడ్డ రోజు మేస్త్రి పనికి రానివ్వడు, ఆ రోజు కూలి లేదు. అపార్ట్‌మెంట్ల కింద గదుల్లో ఉండే వాచ్‌మన్ కుటుంబాలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, పిల్లలు దూరాన ఉండి ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో రోగి పక్కన నేల మీద పడుకునే ఏజెన్సీ కొండల మనుషులు. ఒక్కొక్కరికి కావలసింది ఒక్కొక్కటి. కేజీహెచ్ దగ్గర రోగి తాలూకు మనిషికి కిలో కందిపప్పు ఇస్తే వండుకోవడానికి పొయ్యి ఏది? అతనికి అటుకులు, వేయించిన శనగలు, అరటిపళ్లు కావాలి.

"మీకు తిండికి ఇబ్బందా?" అని మాత్రం అడగకండి. ఎవరూ అవునని చెప్పరు. అమెరికాలో పిల్లల డాక్టర్లు అడిగే రెండు ప్రశ్నలున్నాయి, వాటిని మన మాటల్లోకి తెచ్చుకుని నేను ఇలా అడుగుతాను. "ఈ మధ్య డబ్బులొచ్చేలోపే సరుకులు నిండుకుంటాయేమోనని బెంగపడ్డ రోజులున్నాయా?" "నిండుకున్నాక తెచ్చుకోడానికి చేతిలో లేని రోజులున్నాయా?" ఇందులో ఒక్కదానికి తల ఊపినా ఆ ఇల్లు మీ లెక్కలో ఉండాలి. మూడోది నేను కలుపుకున్నాను: "అందరూ తిన్నాక మీకు కూర మిగుల్తుందా?" ఇది ఇంటి ఇల్లాలిని, పక్కన ఎవరూ లేనప్పుడు అడగాలి. మొదటి రెండింటికీ నవ్వేసి ఊరుకున్నవాళ్లు దీనికి తల దించుకుని చీర కొంగు సర్దుకోవడం నేను చాలాసార్లు చూశాను.

లెక్క ఒకసారి వేసుకుందాం

జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది 2013లో. దాని ప్రకారం మామూలు కార్డుకి మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, మరీ పేదలకిచ్చే అంత్యోదయ కార్డుకి ఇంటికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం. అంటే నలుగురున్న ఇంటికి 20 కిలోలు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కేలరీల భోజనంలో ధాన్యం 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలని చెప్పింది. పప్పులో కొంత భాగానికి బదులు గుడ్డో చేపో మాంసమో తినొచ్చు. నలుగురికి నెల మొత్తానికి కట్టి చూడండి. ధాన్యం 30 కిలోలు కావాలి, అందులో 20 రేషన్‌లో వచ్చేస్తాయి. పప్పులు 10 కిలోలు కావాలి. కార్డుకి కిలో కందిపప్పు రాయితీ ధరకి దొరికే నెలలున్నాయి. మిగతా తొమ్మిది కిలోలు ఆ ఇల్లే చూసుకోవాలి, కూలి పడిన రోజు కొనాలి, పడని రోజు మానుకోవాలి. ఆ తొమ్మిదిలో మీరు రెండు కిలోలు అందించగలిగినా ఆ ఇంట్లో నెల చివర మారిపోతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేరు. కడుపు నిండా అన్నం తిన్నా ఇలా ఉండొచ్చు. అందుకే గది పెట్టేవాళ్లు ఆకలినీ ఆరోగ్యాన్నీ వేరుగా చూడకూడదని నా నమ్మకం.

గది

పదడుగుల గది చాలు. గుడి పక్కన, చర్చి ఆవరణలో, అపార్ట్‌మెంట్ సెల్లారులో, ఎక్కడైనా పరవాలేదు గానీ, తలుపు నలుగురూ తిరిగే దారికి కొంచెం పక్కకి ఉండాలి. చేతిలో సంచితో బయటికొచ్చే మనిషికి ఎదురుగా టీ కొట్టు జనం కనబడకూడదు.

విశాఖలో మీ మొదటి శత్రువు తేమ. మేము గది పెట్టాక మొదటి వర్షాకాలంలో శనగపప్పు బస్తాని గోడకి ఆనించి పెట్టాం. పైకి బాగానే ఉంది. విప్పితే గోడవైపున్న పప్పంతా ముక్కవాసన, అడుగున బూజు. ముప్పై కిలోలు పారబోశాం. ఎవరో ఇంటి ఖర్చు తగ్గించుకుని ఇచ్చిన పప్పది. అప్పటి నుంచి నేల మీద ఇటుకలు, వాటి మీద చెక్క పలకలు వేసి, జానెడు ఎత్తున, గోడకి జానెడు దూరాన సరుకు పెడుతున్నాం. పప్పులు మూత బిగుతుగా పట్టే డబ్బాల్లో, ఎండు వేపాకు వేసి ఉంచాలి. ఎండ కాసిన ఆదివారం పప్పులు, శనగలు చాపల మీద ఆరబోయాలి. వేరుశెనగ గుళ్లు బూజు పట్టినట్టు కనబడితే ఏరి ఇవ్వడం కాదు, మొత్తం పారేయాలి, ఆ బూజు విషం కాలేయానికి చేటు.

ప్రతి డబ్బా మీద సరుకొచ్చిన తారీఖు సుద్దతో రాయండి. ముందొచ్చింది ముందు వెళ్లాలి. ప్యాకెట్ సరుకైతే గడువుకి కనీసం పదిహేను రోజులు ఉంటేనే తీసుకోండి. ఒకసారి ఒక పెద్ద దుకాణం వాళ్లు ఆరు పెట్టెల బిస్కెట్లు పంపారు. తారీఖు ఉన్నచోట గీకేసి ఉంది. వెనక్కి పంపేశాం. మొహమాటపడకండి. మనం తినని సరుకు అలమరలోకి రాకూడదు.

వండిన అన్నం జోలికి వెళ్లొద్దని నా సలహా. పెళ్లిళ్లలో మిగిలిన భోజనం పంచడం మంచి పనే, దానికి ఆహార భద్రతా సంస్థ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు కూడా తెచ్చింది. అయితే వేడి పదార్థాన్ని 60 డిగ్రీలకి తగ్గకుండా ఉంచి గంటల్లో పంచగల బండ్లు, మనుషులు ఉన్నవాళ్ల పని అది. ఎండు సరుకుతో నడిచే గదికి అంత హడావుడి అక్కర్లేదు. కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకోండి. 2006 ఆహార భద్రతా చట్టం లాభానికి చేసినా ఉచితంగా చేసినా తిండి పంచడాన్ని ఒకే కంటితో చూస్తుంది. చిన్న స్థాయి రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, పెద్ద ఖర్చు ఉండదు. చేయించుకోండి. రేపు ఎవరైనా వచ్చి అడిగితే గోడకి తగిలించిన కాగితం చూపిస్తే సరిపోతుంది.

అలమరలో ఏముండాలి

పై అరలో పప్పులు. కందిపప్పు ఒక్కటే పెడితే డబ్బు తొందరగా అయిపోతుంది. పెసలు, ఉలవలు, బొబ్బర్లు, శనగలు, ఎర్రపప్పు కలిపి పెట్టండి. ఉలవలు మన వైపు ఇళ్లకి కొత్తకాదు. ఒక రోజు ఒక ముసలామె ఉలవల డబ్బా మూత తీసి, చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "మా అమ్మ ఉలవసారు కాసేదమ్మా, అది పోయాక నాను కాయనేదు" అంది. ఆ రోజు ఆవిడ కందిపప్పు తీసుకోలేదు. సగం కిలో ఉలవలు కొంగున కట్టుకుని వెళ్లింది. తర్వాత వారం వచ్చి, చారు ఎలా కాయాలో పక్కన నిలబడ్డ చిన్నదానికి చెబుతుంటే నేను లెక్క రాయడం ఆపి విన్నాను.

తర్వాత చోళ్లు. మిగతా జిల్లాల వాళ్లు రాగులంటారు. వంద గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఉండేది దానితో పోలిస్తే లెక్కలోకి రాదు. పిండిగా ఇవ్వకండి, తొందరగా పురుగు పడుతుంది. గింజలుగా ఇస్తే మర పట్టించుకుంటారు. మర కూలి మీరు కడితే ఇంకా మంచిది. అంబలి పెద్దవాళ్లకి తెలుసు. పిల్లలకి బెల్లం వేసి చోడి పిండి ఉండలు చేయమని చెప్పండి.

మీల్ మేకర్ గురించి ఒక మాట. మాంసం కొనలేని ఇంటికి ఇది పెద్ద అండ. వంద గ్రాముల్లో సగం వరకు ప్రొటీన్ ఉంటుంది, ధర తక్కువ, నెలల తరబడి పాడవదు. వేడినీళ్లలో నానబెట్టి పిండి, మసాలా కూరలో వేస్తే పిల్లలు తింటారు. మొదట్లో ఎవరూ ముట్టుకోలేదు. ఒక ఆదివారం గది ముందు స్టౌ పెట్టి వండి తలా గరిటెడు రుచి చూపించాక, ఆ అర ఖాళీ అవుతోంది.

గుడ్లు ప్రతి ఇంటికీ వెళ్లాలి. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల మంచి ప్రొటీన్. పగిలినవి తీసుకోవద్దు, వేసవిలో వారం మించి ఉంచొద్దు. నూనె, అయోడిన్ ఉప్పు, చింతపండు, ఎండుమిర్చి, పసుపు చిన్న ప్యాకెట్లు. పప్పు ఇచ్చి చింతపండు మరిచిపోతే ఆ పప్పు సగమే ఇచ్చినట్టు. కూరల్లో నాలుగు రోజులు ఆగేవి చూడండి: గుమ్మడి, ఆనపకాయ, కంద, చేమ, ఉల్లి. ఆకుకూరలు పంచే రోజు పొద్దున్నే తెచ్చి ఆ సాయంత్రానికి పంపేయాలి. ఎండు నెత్తళ్లు ఎవరైనా ఇస్తే సంతోషంగా తీసుకోండి, విడిగా మూత డబ్బాలో పెట్టండి. బీపీ ఉన్నవాళ్లకి ఇచ్చేటప్పుడు రెండు మూడు నీళ్లలో కడిగి వండమనండి.

బియ్యం అసలు వద్దా అంటే, కొంచెం ఉండాలి. కార్డు లేనివాళ్లు వస్తారు. రేషన్ బియ్యంలో అక్కడక్కడ తేడాగా మెరిసే గింజలు కనబడితే ప్లాస్టిక్ బియ్యమని ఆడవాళ్లు చేటలో చెరిగి ఏరి పారేస్తుంటారు. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలు. అలా బలం చేర్చిన బియ్యంలో వంద కిలోలకి కిలో చొప్పున ఇవి ఉంటాయి. ఏరేస్తే ఆ బలమంతా చేట అంచున పోయినట్టే. ఒక గాజు గ్లాసులో పది గింజలు వేసి అలమర మీద ఉంచండి, అడిగినవాళ్లకి చూపించి చెప్పండి.

సరుకు ఎక్కడ నుంచి

నలభై ఇళ్లతో మొదలుపెట్టారనుకోండి. ఇంటికి రెండు కిలోల పప్పులు, లీటరు నూనె, డజను గుడ్లు, కిలో చోళ్లు. కందిపప్పు 40 కిలోలు 120 చొప్పున, మిగతా పప్పులు 40 కిలోలు 90 చొప్పున వేసుకుంటే 8,400. నూనె 150 చొప్పున 6,000. గుడ్లు 480, ఒక్కోటి ఆరున్నర వేస్తే 3,120. చోళ్లు 50 చొప్పున 2,000. మొత్తం 19,520 రూపాయలు. ఇవి లెక్క కోసం వేసుకున్న ధరలు, మీరు కొనే రోజు ధరతో మళ్లీ వేసుకోండి. అరవై కుటుంబాలు ఇస్తే ఒక్కొక్కరికి 325 పడుతుంది. ఒక అపార్ట్‌మెంట్‌లో అరవై ఫ్లాట్లు ఉండటం మన ఊళ్లో మామూలే.

డబ్బు ఇవ్వడం ఇష్టంలేని వాళ్లు నెలకి కిలో పప్పు ఇస్తారు. అది వద్దనకండి. పాత బట్టలు, వాడేసిన నూనె, పుట్టినరోజు కేకు ముక్కలు మాత్రం వద్దనే చెప్పండి. టోకు బజారులో బస్తా కొంటే చిల్లర ధర కన్నా బాగా తగ్గుతుంది. పూర్ణా మార్కెట్‌లో ఇద్దరు ముగ్గురు వ్యాపారుల దగ్గర ధర కనుక్కుని కొనండి. కూరగాయలకి జ్ఞానాపురం టోకు మార్కెట్‌కి తెల్లవారుజామునే వెళ్లాలి. లేదంటే మీకు దగ్గరి రైతు బజారులో, ఎంవీపీ కాలనీ గానీ సీతమ్మధార గానీ కంచరపాలెం గానీ, మూసే వేళకి వెళ్లి రైతుల్ని అడగండి. వెనక్కి మోసుకెళ్లే బదులు తక్కువకి ఇచ్చేస్తారు. మా దగ్గర ఒక రైతు ప్రతి శనివారం గుమ్మడికాయలు రెండు ఊరికే పెట్టి, డబ్బివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు.

చింతపిక్కలు

అందరికీ ఒకే సంచి కట్టి ఇచ్చేస్తే పని సులువు. మేమూ మొదటి మూడు నెలలు అలాగే చేశాం. తర్వాత తెలిసింది, ఒంటరి ముసలాయన ఇంట్లో ఐదు కిలోల గోధుమపిండి పురుగు పట్టి ఉందని. ఆయనకి చపాతీ నమలడానికి పళ్లు లేవు. ఇంకో ఇంట్లో సంటిపిల్ల తల్లికి కావలసిన పెసరపప్పు మా సంచిలో లేదు. అప్పటి నుంచి మనుషులు లోపలికొచ్చి అర దగ్గర నిలబడి తామే ఎంచుకునే పద్ధతికి మారాం.

ఎలాగంటే, ఇంటికి పన్నెండు చింతపిక్కలు ఇస్తాం. నలుగురికి మించితే మనిషికి మూడు చొప్పున ఎక్కువ. కిలో కందిపప్పు నాలుగు పిక్కలు, కిలో శనగలు మూడు, ఆరు గుడ్లు రెండు, నూనె ప్యాకెట్ నాలుగు, కిలో చోళ్లు ఒకటి, ఉప్పు, చింతపండు, ఆకుకూరలకి పిక్కల్లేవు. మంచి తిండికి పిక్కలు తక్కువ పెట్టండి, మైదా, పంచదార లాంటి వాటికి ఎక్కువ పెట్టండి. పిక్కలు చేతిలో పడ్డాక మనిషి నిలబడే తీరు మారుతుంది. కొట్టులో కొనుక్కునే మనిషిలా డబ్బాలు చూస్తారు, బేరం కూడా ఆడతారు. "ఏటమ్మా, గుడ్లకి రెండు పిక్కలేటి, ఒకటి సేసీ" అని ఒకావిడ అడిగితే ఆ నెల నిజంగానే ఒకటి చేశాం.

ఫొటోలు తీయకండి. దాతలు అడుగుతారు, గట్టిగా అడుగుతారు. మొదట్లో ఒకసారి ఒక దాత తీసుకున్న ఫొటోలో ఒక తల్లి ముఖం పడింది, అది వాళ్ల అబ్బాయి చదివే బడి దాకా వెళ్లింది. ఆవిడ మళ్లీ గదికి రాలేదు. ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. లోపలికి రమ్మంది, టీ ఇచ్చింది, గదికి మాత్రం రాలేదు. దాతలకి అలమర ఫొటో పంపండి, లెక్కల పుస్తకం పంపండి.

మందులు వాడే ఇల్లు

తిండికి వచ్చే మనిషి సంచిలో చాలాసార్లు మందుల చీటీ కూడా ఉంటుంది. కాలిఫోర్నియాలో 2000 నుంచి 2008 వరకు ఆసుపత్రి లెక్కలు చూస్తే, పేద పేటల్లో షుగర్ మరీ పడిపోయి చేరినవాళ్లు నెల మొదటి వారంకన్నా చివరి వారంలో 27 శాతం ఎక్కువ. మాత్ర వేసుకున్నారు, తినడానికి లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకీ ఇది ప్రాణం మీదికి తెస్తుంది. షుగర్ ఉన్న ఇంటికి చివరి వారం దాకా ఆగకుండా, ఇరవయ్యో తారీఖుకే సరుకు చేరేలా చూడండి. తినకుండా మాత్ర వేసుకోవద్దనీ, అలాగని మాత్ర సొంతంగా మానొద్దనీ, డాక్టరుకి ఇంట్లో పరిస్థితి దాచకుండా చెప్పమనీ చెప్పండి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. గదిలో ఇది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం.

క్షయ ఉన్న ఇల్లు తెలిస్తే ఆ ఇంటిని మొదటి వరసలో పెట్టండి. జార్ఖండ్‌లో చేసి 2023లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో 2,800 మంది రోగుల ఇళ్లకి నెలనెలా సరుకు ఇచ్చి చూశారు. రోగికి బియ్యం, పప్పు, పాలపొడి, నూనె కలిపి పది కిలోలు అన్ని ఇళ్లలోనూ ఇచ్చారు. సగం ఊళ్లలో ఇంట్లోవాళ్లకి కూడా మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్లలో మిగతావాళ్లకి క్షయ సోకడం దాదాపు 40 శాతం తగ్గింది. ఏ ఇంజెక్షనూ లేదు, బియ్యం, పప్పు, ఒక విటమిన్ మాత్ర. అందుకని రోగి ఒక్కడికే కాకుండా ఇంటిల్లిపాదికీ ఇవ్వండి. 2024 నవంబరు నుంచి క్షయ రోగికి చికిత్స కాలంలో నెలకి 1000 రూపాయలు కేంద్రం బ్యాంకు ఖాతాలో వేస్తుంది. అది పడుతోందో లేదో కనుక్కోండి. పడకపోతే ఆశా కార్యకర్తకి చెప్పండి. రోగం పేరు మాత్రం మీ పుస్తకంలోకి ఎక్కకూడదు.

రక్తం తక్కువున్న ఆడవాళ్లకి: తోటకూర, ఉలవలు, శనగలు తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోమనండి, తిన్న వెంటనే టీ తాగొద్దనండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రెండు అలవాట్లకీ పైసా ఖర్చు లేదు.

గది దాటి రావాల్సినవి

ఒక బల్ల, ఒక కుర్చీ, కాగితాల పని తెలిసిన ఒక మనిషి. ఈ మూడూ మీ అలమరకన్నా ఎక్కువ తిండి తెచ్చిపెట్టగలవు. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీకి కార్డు ఊళ్లో ఉండిపోయిందంటే, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఇక్కడి రేషన్ షాపులోనే తన భాగం తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. ఇంటిదగ్గర ఉన్నవాళ్ల భాగం వాళ్లు అక్కడే తీసుకుంటారు. ఆధార్ కలిసి ఉంటే చాలు. మన రాష్ట్రంలో 2025 జూన్ 1 నుంచి మళ్లీ షాపుల దగ్గరే ఇస్తున్నారు, నెలలో 1 నుంచి 15లోపు వెళ్లమని చెప్పండి. కార్డులో పేరు చేర్చడానికి వార్డు సచివాలయం. గర్భిణికి, బాలింతకి, ఆరేళ్లలోపు పిల్లలకి అంగన్‌వాడీ. పొయ్యి లేనివాళ్లకి 5 రూపాయల భోజనం పెట్టే అన్న క్యాంటీన్ దగ్గర్లో ఎక్కడుందో గోడ మీద రాయండి. కొత్తగా వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని ఒకసారి సచివాలయం దాకా వెళ్లండి. "వెళ్లి అడుగు" అంటే వెళ్లరు, అక్కడ ఏం మాట్లాడాలో తెలియదు.

పుస్తకం, తారీఖులు

రెండు పుస్తకాలు పెట్టండి. ఒకదాంట్లో వచ్చిన సరుకు, డబ్బు, ఖర్చు. ఇది అందరికీ తెరిచి ఉండాలి, నెల చివర తలుపు మీద అంటించాలి. రెండోదాంట్లో ఇళ్లు, పేరు బదులు నంబరు, ఎంతమంది, ఏం ఎంచుకున్నారు. ఇది తాళం వేసి ఉంచాలి. మూడు నెలలు చూశాక ఏ అర ముందు ఖాళీ అవుతోందో తెలుస్తుంది, దాన్నిబట్టి వచ్చే నెల కొనండి.

పంచే రోజులు నెలకి రెండు చాలు, ఇరవై, ఇరవై ఏడు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర, కూలి నుంచి వచ్చి స్నానం చేసి రాగలిగే వేళ. ఏప్రిల్ మొదట్లోనే జాలరిపేటల కోసం అదనంగా పప్పు కొని పెట్టుకోండి. అక్టోబరు వచ్చేసరికి పది రోజులకి సరిపడా అటుకులు, శనగలు, బెల్లం, కొవ్వొత్తులు విడిగా డబ్బాలో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, కొట్లు తెరవలేదు. వండకుండా తినగలిగేదే ఆ రోజుల్లో అక్కరకొచ్చింది.

పని పంచుకునేటప్పుడు గదికి వచ్చే ఆడవాళ్లలో ఇద్దరిని తూకం దగ్గర కూర్చోమనండి. మా దగ్గర ఇప్పుడు తాళం చెవి ఉన్నది పొట్లం కొనుక్కునే ఆ ఐదుగురి ఇంటి ఆవిడ దగ్గరే. పప్పు బాగుందో లేదో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు, చేటలో పోసి చూస్తుంది.

ఎప్పుడైనా ఒక నెల సరుకు సరిపోక గది తెరవలేమని తేలితే, వారం ముందే తలుపు మీద రాయండి, నంబరున్న ప్రతి ఇంటికీ మనిషిని పంపి చెప్పండి. ఇరవయ్యో తారీఖుకి సంచి మడిచి పట్టుకుని ఎవరైనా తాళం వేసిన తలుపు దాకా రాకూడదు.